ప్రతి పేజీ కింద ఒక సంతకం: హార్డ్‌విక్ హాల్ కథ

(గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం ఇచ్చిన ప్రసంగానికి రాత ప్రతి)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో, ఎక్కడో ఇంగ్లండులో నాలుగు వందల ఏళ్ల కిందట కట్టిన ఒక ఇంటి గురించి వినడానికి వచ్చారు. చాలా సంతోషంగా ఉంది.

జింక కొమ్ముల దగ్గర మొదలుపెడతాను.

డార్బీషైర్‌లో హార్డ్‌విక్ హాల్ అని ఒక పెద్ద భవనం ఉంది. దాని పై అంతస్తులో యాభై మీటర్ల పొడవున్న గది ఒకటి ఉంది, లాంగ్ గ్యాలరీ అంటారు. ఆ గోడల నిండా టేపెస్ట్రీలు, అంటే నేతలోనే బొమ్మలు తీసిన తెరలు, మొత్తం పదమూడు. ఒక్కొక్కటి ఆరు మీటర్ల ఎత్తు. బైబిల్లోని గిద్యోను కథ నేశారు వాటిమీద. 1578లో సర్ క్రిస్టఫర్ హాటన్ అనే ఆస్థాన ప్రముఖుడు చేయించుకున్నాడు. ఆయన వంశ చిహ్నం ఆడజింక. ఫ్రాన్సిస్ డ్రేక్ భూమి చుట్టి వచ్చిన ఓడ పేరు గోల్డెన్ హైండ్ అని చదువుకున్నాం కదా, ఆ జింక ఈ హాటన్ గారి జింకే. హాటన్ 1591లో బోలెడు అప్పులు మిగిల్చి చనిపోయాడు. మరుసటి ఏడాది వారసుడు ఈ తెరల్ని అమ్మేశాడు. కొన్నది హార్డ్‌విక్ యజమానురాలు ఎలిజబెత్. చరిత్రలో ఆవిడ పేరు హార్డ్‌విక్ బెస్.

ధర 326 పౌండ్ల పైచిలుకు. బేరంలో బెస్ ఒక మెలిక పెట్టింది. వీటి నిండా మీ చిహ్నాలున్నాయి, వాటిని మార్పించుకోవడానికి నాకు ఖర్చవుతుంది, ఆ మేరకు తగ్గించండి అని. 5 పౌండ్లు తగ్గించారు. తర్వాత ఆవిడ హాటన్ చిహ్నాల మీద రంగులద్దిన గుడ్డముక్కలు అతికించి, ఆడజింకలకు కొమ్ములు గీయించింది. కొమ్ములొచ్చాక అవి మగజింకలయ్యాయి. మగజింక ఆవిడ పిల్లల వంశం, కావెండిష్‌ల చిహ్నం.

మా అమ్మాయి వాళ్లు డార్బీలో ఉంటారు. అక్కడున్న మూడు నెలల్లో నాలుగుసార్లు వెళ్లాను ఆ ఇంటికి. మొదటిసారి ఆ కొమ్ముల్ని దగ్గరగా చూసినప్పుడు నా ఆలోచనంతా ఆ 5 పౌండ్ల మీదే నిలిచిపోయింది. ఆ రోజుల్లో మంచి పనివాడికి రోజుకి ఒక షిల్లింగు దాటి రాదు. 5 పౌండ్లంటే అలాంటివాడికి నూరు రోజుల కూలి. కానీ ఆవిడ ఇంగ్లండులో మహారాణి తర్వాత అంత ఆస్తి గల స్త్రీ అని పేరుపడింది. అంతటి మనిషి ఎందుకు ఇంత గట్టిగా లెక్క చూసుకుంటుంది? ఇవాళ నేను చెప్పబోయేదంతా దీని చుట్టూ తిరుగుతుంది.

బెస్ తండ్రి జాన్ హార్డ్‌విక్ ఆ ఊళ్లో ఒక మోతుబరి, అంతే. పెద్ద ప్రభువేమీ కాదు. 1528లో ఆయన చిన్నవయసులోనే పోయాడు. బెస్ పసిపిల్ల. వారసుడైన సోదరుడు జేమ్స్ కూడా పసివాడే. అప్పటి చట్టం ఏమిటంటే, భూమికి వారసుడు మైనరైతే అతడికి పెద్దరికం వచ్చేదాకా భూమి మీద, పిల్లవాడి మీద, చివరికి వాడి పెళ్లి మీద కూడా రాజుకు హక్కు. రాజు ఆ హక్కును ఎవరికైనా అమ్ముకోవచ్చు. కొన్నవాడు ఫలసాయం తింటాడు. ఈ వ్యవహారం చూసే కార్యాలయమే 1540లో కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అయింది. ఈ పేరు మనకు కొత్త కాదు. పిఠాపురం లాంటి సంస్థానాల చరిత్ర చదివినవాళ్లకు వెంటనే గుర్తుకొస్తుంది. జమీందారు మైనరైతే ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కిందికి వెళ్లింది అనే వాక్యం మన దగ్గర ఎన్నిచోట్ల లేదు! ఇంగ్లీషువాళ్లు ఆ పేరును తమ దేశం నుంచే తెచ్చారు. ఇక్కడ ఎస్టేటును కనిపెట్టుకుని ఉండటానికి పెట్టామన్నారు. అక్కడ ఆ రోజుల్లో అది ఖజానాకు రాబడి.

జాన్ హార్డ్‌విక్ ఇది ముందే ఊహించి భూమిని నమ్మకస్తుల పేర రాసి తప్పించాలని చూశాడు. కుదరలేదు. సర్కారు పట్టేసుకుంది. ఆడపిల్లలకు పెళ్లి ఖర్చుకని తలా 40 మార్కులు రాసిపోయాడు. మార్కు అంటే నాణెం కాదు, లెక్కల్లో వాడే మాట. 40 మార్కులు కలిపి 26 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆ సవతి తండ్రి అప్పుల పాలై జైలుకు వెళ్లాడు. ఇదీ బెస్ పెరిగిన ఇల్లు. 26 పౌండ్లతో బయలుదేరిన పిల్ల ఒకనాటికి 326 పౌండ్లు పెట్టి తెరలు కొంది. ఆ నడుమ అరవై ఏళ్లకు పైగా గడిచాయి.

ఆవిడకు నాలుగు పెళ్లిళ్లు జరిగాయి. దీన్ని పట్టుకుని, మొగుళ్ల ఆస్తులు మింగి పైకొచ్చింది అని రాసినవాళ్లు కొల్లలు. ఆ మాట నాకు నచ్చదు. అప్పటి చట్టంలో పెళ్లయిన ఆడదానికి సొంత ఆస్తి ఉండదు. ఆవిడది ఏదైనా భర్తదే. మన ధర్మశాస్త్రాల్లో స్త్రీధనం అని ఒక మూలనైనా గుర్తింపు ఉంది, అక్కడ అదీ లేదు. భర్త పోతేనే ఆవిడ తన పేరు మీద సంతకం పెట్టగలిగేది. భర్త భూముల్లో మూడో వంతు మీద జీవితకాలం అనుభవం దక్కేది. మొదటి భర్త రాబర్ట్ బార్లో కుర్రాడు. 1544 క్రిస్మస్ ముందురోజు చనిపోయాడు. ఆ మూడో వంతు కోసం బెస్ కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న అమ్మాయి, మన మాటలో చెప్పాలంటే మనోవర్తి కోసం దావా వేసింది.

రెండో భర్త సర్ విలియం కావెండిష్. 1547లో పెళ్లి, రాత్రి రెండు గంటల ముహూర్తానికి. నిజంగానే రెండు గంటలకని రాసుకున్నారు. ఆయన ఎనిమిదో హెన్రీ మఠాలను మూయించినప్పుడు ఆ ఆస్తుల లెక్కలు చూసిన అధికారి. ఎనిమిది మంది పిల్లలు పుట్టారు, ఆరుగురు బతికారు. 1549లో చాట్స్‌వర్త్ అనే ఎస్టేటు కొన్నారు. ఆ కొనుగోలు ఇద్దరి పేరా రాయించుకోవడం చూడండి. రేపు ఆయన పోయినా పిల్లల భూమి రాజు చేతికి పోకూడదు. తండ్రి చేయలేనిది కూతురు చేసి చూపించింది. 1557లో కావెండిష్ పోయాడు. పోయేటప్పటికి ఖజానా లెక్కల్లో 5,000 పౌండ్లకు పైగా తేడా అతని మెడకు చుట్టుకుని ఉంది. ఆ బాకీ బెస్ నెత్తిన పడింది. మూడో భర్త సర్ విలియం సెయింట్ లో, ఎలిజబెత్ రాణి అంగరక్షక దళానికి నాయకుడు. ఆయన ఆ బాకీ 1,000 పౌండ్లకు తేలేలా చూశాడు. చనిపోతూ తన ఆస్తంతా బెస్‌కు రాసిచ్చాడు.

నాలుగో ఆయన ష్రూస్‌బరీ ఎర్ల్, జార్జ్ టాల్బట్. దేశంలో పెద్ద పెద్ద ప్రభువుల్లో ఒకడు. 1567లో పెళ్లి. వాళ్లతోపాటు ఇటు ఇద్దరినీ అటు ఇద్దరినీ, ఆవిడ పిల్లల్ని ఆయన పిల్లలకిచ్చి చేశారు. కుండమార్పిడి అనండి. ఏడాది తిరిగేసరికి స్కాట్లండు రాణి మేరీ ఇంగ్లండుకు పారిపోయి వచ్చింది. ఆమెను కాపలాలో ఉంచే పని 1569లో ఈ దంపతుల మీద పడింది. పదిహేనేళ్లు. రాణి ఖర్చులకు వారానికి 52 పౌండ్లు ఇస్తామన్నారు, తర్వాత 30కి తగ్గించారు. ఖర్చు అంతకంటే చాలా ఎక్కువ. మొదట్లో బెస్, మేరీ పక్కపక్కన కూర్చుని కుట్టుపని చేసుకునేవారు. పోనుపోను భార్యాభర్తల మధ్య డబ్బు గొడవలు, అనుమానాలు ముదిరాయి. 1584లో ఎర్ల్ నలభై మంది మనుషులతో చాట్స్‌వర్త్ మీదికే వచ్చాడు. కొడుకు విలియం ఆయుధాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అలా నిలబడ్డందుకు అతన్ని జైల్లో పెట్టారు.

అప్పుడు బెస్ పుట్టింటికి చేరుకుంది. సోదరుడు జేమ్స్ అప్పుల్లో మునిగి 1581లో జైల్లోనే చనిపోయి ఉన్నాడు. తను అక్కడికి చేరడానికి ఏడాది ముందే, 1583లో, ఆ భూమిని ఆవిడ 9,500 పౌండ్లకు కొనేసి పెట్టుకుంది. కొన్నది కొడుకు విలియం పేర, ఎందుకంటే తను ఇంకా ఒకరి భార్య. పుట్టి పెరిగిన ఇంటిని డబ్బిచ్చి కొనుక్కోవాల్సి వచ్చింది.

ఇక కట్టుబడి సంగతి. 1587లో పాత ఇంటిని పెంచి కట్టడం మొదలుపెట్టింది. దాన్ని ఓల్డ్ హాల్ అంటున్నాం. అది పూర్తికాక ముందే, 1590లో, రాయి విసిరితే తగిలేంత దూరంలో కొత్త భవనానికి పునాదులు తీయించింది. పునాదులు లేస్తుండగానే నవంబరులో ఎర్ల్ చనిపోయాడు. ఇప్పుడు ఆవిడ అరవై దాటిన వితంతువు. సంతకం తనది, డబ్బు తనది, అడిగేవాడు లేడు. మన హైదరాబాదులో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ ఎత్తుతున్న రోజులవి. ఇటు ఆ నాలుగు మినార్లు, అటు ఈ ఆరు బురుజులు, ఒకే కాలంలో లేచాయి.

ప్లాను రాబర్ట్ స్మిత్‌సన్ ఇచ్చాడని అందరూ ఒప్పుకుంటారు. లెక్కల్లో మాత్రం ఆయనకు ఇచ్చింది ఒకే ఒక్క పద్దు కనిపిస్తుంది, 20 షిల్లింగులు. కొడుక్కి 10. మిగతా పుస్తకాలన్నీ పనివాళ్లవి. రాళ్లు చెక్కిన రోడ్స్ అన్నదమ్ములు, పాలరాతి పని చేసిన థామస్ ఆక్రెస్, గచ్చుతో బొమ్మలు తీర్చిన అబ్రహాం స్మిత్, రంగులు వేసిన జాన్ బాలెచౌస్. రాయి ఆవిడ క్వారీలదే. కలప ఆవిడ అడవులది, సున్నం ఆవిడ బట్టీలది, సీసం ఆవిడ గనులది, గాజు కూడా ఆవిడ సొంత బట్టీలో చేసిందే. కూలీలకు పక్షానికొకసారి చెల్లింపు. ఆ లెక్కల కింద ఆవిడ సంతకం ఉంటుంది. పేజీ తర్వాత పేజీ, ఇ. ష్రూస్‌బరీ అని వంకర తిరిగిన పెద్ద అక్షరాల్లో. ఒకచోట చిన్న పద్దు ఉంది. ఆక్రెస్ నల్లరాతిని కోయడానికి ఒక యంత్రం కనిపెట్టాడు. అందుకు మెచ్చి ఆక్రెస్ భార్యకు గౌను కొనుక్కోమని డబ్బిచ్చింది. ఈ పద్దు అంటే నాకు ఎంతో ఇష్టం. భర్త తెలివికి బహుమతి భార్య చేతికి వెళ్లింది.

1597 అక్టోబరు 4న బెస్ కొత్త ఇంట్లోకి మారింది. ఇప్పుడు మీరు ఎం1 హైవే మీద వెళుతుంటే కొండ మీద ఆ ఇల్లు దూరానికే కనిపిస్తుంది. ఆరు బురుజుల నెత్తిన రాతిలో చెక్కిన ఇ, ఎస్ అనే రెండక్షరాలు, ఆకాశం వెనకుండగా. ఎలిజబెత్ ష్రూస్‌బరీ. గోడ కంటే గాజే ఎక్కువ అని ఆ ప్రాంతంలో నానుడి ఉంది. కిటికీలు పైకి వెళ్లేకొద్దీ పెద్దవవుతాయి. కింది అంతస్తు నౌకర్లకు, నడిమి అంతస్తు ఇంటివాళ్లకు, పై అంతస్తు రాజమర్యాదలకు. లోపలికి వెళ్లి చూస్తే కొన్ని కిటికీల వెనక గది లేదు, పొగగూడు ఉంది. బయటికి తీరుగా కనిపించాలని పెట్టిన కిటికీలవి.

ఇక ఆ దివాణం ఎలా నడిచేదో చెబుతాను. ఇప్పటి సినిమాల్లో చూపించినట్టు తెల్ల ఏప్రాన్ల పనమ్మాయిలు ఉండేవాళ్లు కాదు. ఆ కాలపు పెద్ద ఇళ్లలో పనివాళ్లంటే ఎక్కువగా మగవాళ్లే. వంటశాలలో మగవాళ్లు, వడ్డనకు మగవాళ్లు, గుర్రాలకు ఎలాగూ మగవాళ్లే. ఆడవాళ్లంటే బట్టలుతికేవాళ్లు, పాలవ్యవహారం చూసేవాళ్లు, దొరసానికి తోడుండే పెద్దింటి స్త్రీలు. బెస్ దగ్గర ఆ తోడుగా ఉన్నది ఎవరో కాదు, తల్లికి సవతి తండ్రి వల్ల పుట్టిన చెల్లెలు జేన్ నైవ్‌టన్.

భోజనం వేళ ఒక ఊరేగింపు బయలుదేరేది. వంటశాల కింద, ఒక చివర. విందు జరిగే హై గ్రేట్ చాంబర్ రెండంతస్తుల పైన. పళ్లేలు పట్టుకున్న మనుషులు హాలు దాటి, ఆ పొడుగాటి రాతిమెట్లు ఎక్కి వెళ్లాలి. ఆ మెట్లు నేను ఎక్కాను. వెడల్పుగా, తక్కువ ఎత్తుతో ఉంటాయి, మలుపులు తిరుగుతూ వెలుగులోకీ చీకట్లోకీ తీసుకెళతాయి. వట్టి చేతులతో ఎక్కితేనే నాకు ఆయాసం వచ్చింది. పళ్లెం పైకి చేరేసరికి కూర చల్లారిపోయి ఉంటుంది, సందేహం లేదు. పైకి చేరాక ఆ గది చూడాలి. నేలంతా తుంగచాప, అడుగు పెడితే ఎండుగడ్డి వాసన. గోడల మీద యులిసిస్ కథ నేసిన తెరలు. వాటిపైన చుట్టూ గచ్చుతో చేసిన అడవి, అందులో డయానా దేవత, జింకలు, ఏనుగు కూడా ఉంది.

రాత్రయితే అందరికీ గదులుండేవి కావు. 1601లో బెస్ వీలునామాతో పాటు ఇంట్లో ఉన్న ప్రతి వస్తువుకూ జాబితా రాయించింది. మెట్ల మలుపుల దగ్గర కూడా పరుపులున్నట్టు అందులో రాశారు. నౌకర్లు అక్కడే పడుకునేవాళ్లు. ఆవిడ సొంత పడకగది జాబితా చదవండి, చలి వేస్తుంది. మంచానికి ఎర్రటి ఉన్ని తెరలు, వాటికి అదనంగా మరో వరస తెరలు, దొంతర్లుగా దుప్పట్లు, కిటికీలకూ తలుపులకూ అడ్డం వేలాడదీసే రగ్గులు. దేశంలోనే గాజు ఎక్కువున్న ఇల్లు కట్టుకున్న డెబ్బై ఏళ్ల మనిషి రాత్రుళ్లు ఆ గాజుకు దుప్పట్లు కప్పుకుని పడుకుంది. అదే గదిలో ఒక ఇసుక గడియారం, ఒక అద్దం, ఆరు పుస్తకాలు. బైబిల్లోని యోబు మీద కాల్విన్ వ్యాఖ్యానం వాటిలో ఒకటి.

ఆ గదిలో ఇంకొకరు కూడా పడుకునేవాళ్లు. మనవరాలు ఆర్బెల్లా.

ఇక్కడ నేను కాస్త ఆగాలి, ఎందుకంటే బెస్ మీద నాకున్న గౌరవం ఈ గదిలో తడబడుతుంది. ఆర్బెల్లా స్టువర్ట్ 1575లో పుట్టింది. బెస్ కూతురికీ, స్కాట్లండు మేరీ మరిదికీ పుట్టిన పిల్ల. అంటే ఇంగ్లండు సింహాసనానికి వరసలో ఉన్న మనిషి. ఏడేళ్ల లోపే తల్లీ తండ్రీ పోయారు. అమ్మమ్మే పెంచింది, గొప్పగా చదివించింది. 1592లో ఈ పిల్లను ఎత్తుకుపోయే కుట్ర ఏదో ఉందని తెలిసినప్పుడు రాణి గారి మంత్రి బర్లీకి బెస్ రాసిన జవాబు ఉంది. ఆర్బెల్లా పొద్దుపోయాక బయట తిరగదు, ఇంటి దగ్గర్లోనే గాలికి నడుస్తుంది, ఎవరి ఇంటికీ వెళ్లదు, గంటగంటకూ నా కళ్ల ముందే ఉంటుంది, నా గదిలోనే పడుకుంటుంది అని. అప్పటికి పదహారు పదిహేడేళ్లు ఆ అమ్మాయికి. ఇరవై ఏడు వచ్చినా అదే పద్ధతి. 1602 చివర్లో ఆర్బెల్లా రహస్యంగా ఒక నౌకరు చేత పెళ్లి కబురు పంపింది, రాచరక్తం ఉన్న మరో కుటుంబానికి. కబురు రాణికి చేరింది. విచారణకు అధికారి వచ్చాడు. 1603 మార్చిలో మేనమామ హెన్రీ, ఒక స్నేహితుడు ఆమెను తీసుకుపోవడానికి గేటు దాకా వచ్చారు. బెస్ పోనివ్వలేదు. ఆర్బెల్లా ఆ గేటు లోపలే నిలబడి బయటివాళ్లతో మాట్లాడింది. కొడుకు హెన్రీనీ మనవరాలినీ బెస్ వీలునామా నుంచి కొట్టేసింది.

చిన్నప్పుడు తన ఇంటిని ఇంకొకరి అదుపులోకి పోనిచ్చిన చట్టాన్ని చూసిన మనిషి, ఎవరూ చేయి పెట్టలేని ఇల్లు కట్టుకున్న మనిషి, ఆ ఇంటినే ఒక ఆడపిల్లకు జైలు చేసింది. రాణి ఆజ్ఞ ఉంది, భయం ఉంది, ఒప్పుకుంటాను. అయినా ఆ గేటు దగ్గర నిలబడ్డప్పుడల్లా నేను మనవరాలి వైపే ఉంటాను. ఆర్బెల్లా తర్వాత 1610లో, తను పెళ్లి కబురు పంపిన ఆ కుటుంబంలోనే, విలియం సీమోర్‌ను రాజు అనుమతి లేకుండా పెళ్లి చేసుకుంది. 1615లో లండన్ టవర్‌లో ఖైదీగా చనిపోయింది.

బెస్ 1608 ఫిబ్రవరి 13న చనిపోయింది. కడుతున్నంత కాలం నీకు చావు లేదని ఎవరో జోస్యం చెప్పారనీ, ఆ చలికాలం సున్నం గడ్డకట్టి పని ఆగిపోయిందనీ, అప్పుడే ప్రాణం పోయిందనీ అక్కడివాళ్లు చెప్పుకునే కథ. అదే ఏడాది ఆ కుటుంబంలో పిల్లలకు చదువు చెప్పడానికి ఒక కుర్రాడు చేరాడు. పేరు థామస్ హాబ్స్, తర్వాత పేరుమోసిన తత్వవేత్త. రాజనీతి చదివినవాళ్లకు పరిచయం అక్కర్లేదు. ఆయన 91వ ఏట, 1679లో, హార్డ్‌విక్‌లోనే కన్నుమూశాడు.

తర్వాతి వారసులకు చాట్స్‌వర్త్ ముద్దొచ్చింది, అక్కడే ఉండిపోయారు. మార్చే తీరిక ఎవరికీ లేకపోవడం వల్ల హార్డ్‌విక్ చాలావరకు అలాగే మిగిలిపోయింది. ఇంట్లో వస్తువులు ఇంట్లోనే ఉండాలని బెస్ వీలునామాలో రాయించింది కూడా. ఇందులో ఒక పొరపాటు కథ గురించి చెప్పాలి. మేరీ రాణి ఇక్కడే ఖైదులో ఉండేదని చాలాకాలం చూడవచ్చినవాళ్లకు చెప్పేవారు, ఒక గదికి ఆమె పేరు కూడా ఉంది. ఆమెకు మరణశిక్ష అమలైంది 1587లో. ఈ భవనానికి పునాది పడింది 1590లో.

1950లో ఆ వంశంలోని డెవన్‌షైర్ పదో డ్యూక్ చనిపోయినప్పుడు వారసత్వపు పన్ను భారం పడింది. ఆ బాకీ కింద ఇల్లు ప్రభుత్వానికి వెళ్లి, 1959లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు చేతికొచ్చింది. అక్కడ చివరిగా కాపురమున్నది ముసలి డచెస్ ఎవిలిన్. ఆవిడ చిరిగిన తెరల్ని ఏళ్ల తరబడి తన చేత్తో కుట్టుకుంటూ వచ్చింది. ఆ గిద్యోను తెరలు పదమూడింటినీ ఒక్కొక్కటిగా దించి, బెల్జియంలో కడిగించి, మళ్లీ దారం దారం సరిచేయించడానికి 24 ఏళ్లు పట్టింది. 2023లో పూర్తయింది.

చివరగా ఇంకొక కుట్టుపని గురించి చెప్పి ఆపుతాను. అక్కడ ఇంకో రకం తెరలున్నాయి. పెనెలోపి, లుక్రేషియా, జెనోబియా, ఆర్టెమీసియా, ఇలాంటి ప్రాచీన స్త్రీల నిలువెత్తు బొమ్మలు. మూసేసిన చర్చిల్లోని పూజారుల జరీ వస్త్రాలు కత్తిరించి, ముక్కలు అతికించి చేసినవి. భర్తతో తగాదా వచ్చినప్పుడు అవి ఎవరి సొత్తన్న ప్రశ్న లేచింది. అప్పుడు బెస్ చెప్పిన జవాబు రికార్డులో ఉంది. వీటిని కుట్టింది నా గుర్రాల పనివాళ్లు, నా ఆడవాళ్లు, నేను ఉంచుకున్న కొందరు కుర్రాళ్లు, కసీదా పనివాడు ఒక్కడే ఉండేవాడు అని. నేను నాలుగోసారి వెళ్లింది వాటికోసమే. ఎండకు రంగు పోతుందని ఇప్పుడు ఆ ఇంట్లో కిటికీలకు తెరలు దించి ఉంచుతున్నారు, గదుల్లో మసక వెలుగే ఉంటుంది. కళ్లు అలవాటు పడేదాకా నిలబడ్డాను. పెనెలోపి పావడా అంచు దగ్గర కుట్లు కనిపించాయి. కొన్ని సన్నగా, వరసగా ఉన్నాయి. పక్కనే కొన్ని పొడుగ్గా, ఎడంగా, పగ్గం పట్టుకునే చేతులు వేసినట్టు ఉన్నాయి.

మీరు ఓపికగా విన్నారు. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.